క్రియాటినైన్ సరే, నడుము చుట్టుకొలత ఎంత?

కిడ్నీ మార్పిడి జరిగిన ఇంట్లో అందరి భయమూ ఒకటే, రిజెక్షన్ వస్తుందేమోనని. రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే కళ్లు ముందు క్రియాటినైన్ దగ్గరికే పోతాయి. 1.1 అని కనిపిస్తే ఆ నెలకి గండం గడిచినట్టే. ఆ భయం అనవసరమని ఎవరూ అనలేరు. కానీ మార్పిడి తర్వాత కొన్నేళ్లు బతికి పోయినవాళ్ల లెక్కలు తీస్తే, పెట్టిన కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే మనిషి పోయిన సందర్భాలు చాలా కనిపిస్తాయి. పాశ్చాత్య దేశాల్లో అలాంటి మరణాలకు ముందు వరసలో ఉన్న కారణం గుండె, రక్తనాళాల జబ్బులు. మన దేశంలో ఇన్ఫెక్షన్ల బెడద ఎక్కువ కాబట్టి వాటివల్ల పోయేవాళ్లూ ఎక్కువే. ఇక్కడైనా గుండెది వెనక వరస కాదు.

ఈ గుండె కథలో బరువు పాత్ర ఎంత? కొన్ని దశాబ్దాలుగా వైద్యులు ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నారు. ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే జవాబులు చాలా వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: మనం ఎన్ని కిలోలు పెరిగాయని అడుగుతున్నాం, పెరిగినవి ఏ కిలోలని అడగడం లేదు.

ముందు గుండె సంగతి. మార్పిడికి వచ్చేనాటికే అది చాలా దెబ్బలు తిని ఉంటుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన బీపీ, రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో చేరే నీరు, రక్తహీనత కలిసి గుండె ఎడమ జఠరిక గోడను మందం చేస్తాయి. ఎకో రిపోర్టులో ఎల్‌వీహెచ్ అని రాసేది దాన్నే. ఫాస్ఫరస్, కాల్షియం లెక్క తప్పడంతో రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుంటుంది. కొత్త కిడ్నీ వచ్చినంత మాత్రాన ఆ సున్నం కరిగిపోదు.

అయినా మార్పిడి గుండెకు చేసే మేలు చిన్నది కాదు. అమెరికాలో వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయినవాళ్లనూ కిడ్నీ అందినవాళ్లనూ పోల్చి వుల్ఫ్ బృందం 1999లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ తర్వాత తొలి రెండు వారాల్లో ప్రాణాపాయం దాదాపు మూడు రెట్లు ఉన్నా, దీర్ఘకాలంలో చూస్తే మార్పిడి అయినవాళ్లలో మరణించే ముప్పు 68 శాతం తక్కువగా తేలింది. గుండె పంపింగ్ 40 శాతమో అంతకన్నా తక్కువో ఉన్న 103 మందిని గమనించి 2005లో మరో బృందం చెప్పింది ఇంకా ఆశ్చర్యం. మార్పిడికి ముందు సగటున 32 దగ్గరున్న ఆ పంపింగ్ కొలత (ఎజెక్షన్ ఫ్రాక్షన్) ఏడాది తిరిగేసరికి 52కి చేరింది. పాడైపోయిందనుకున్న గుండె కూడా, రక్తం శుభ్రపడితే, కోలుకోగలదు. ఆ కోలుకునే ఏడాదిలోనే దాని మీద కొత్త బరువు పడకుండా చూసుకోవాలి.

చేతిలోని ఫిస్టులా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోట వేలు పెడితే జివ్వుమంటుంది. డయాలసిస్ రోజుల్లో పొద్దున లేవగానే దాన్ని తడిమి చూసుకోవడం చాలామందికి అలవాటు. మార్పిడి అయ్యాక, రేపు అవసరం పడుతుందేమోనని దాన్ని అలాగే వదిలేస్తారు. ఆ అడ్డదారిలో పారే రక్తమంతా గుండెకు అదనపు చాకిరీ. ఆస్ట్రేలియాలో కిడ్నీ నిలకడగా పనిచేస్తున్న 64 మందిని తీసుకుని, సగంమందికి ఫిస్టులా మూసేసి, మిగతావాళ్లకి అలాగే ఉంచి పోల్చారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం మూసినవాళ్లలో ఎడమ జఠరిక కండ సగటున 22 గ్రాములు తగ్గింది, ఉంచినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అందరికీ మూసేయాలని కాదు గానీ, ఆయాసం ఉన్నవాళ్లు, ఫిస్టులా బాగా ఉబ్బినవాళ్లు డాక్టరును తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఇది.

ఇక బరువు. మార్పిడి తర్వాత మొదటి ఏడాదిలో సగటున 5 నుంచి 10 కిలోల దాకా పెరుగుతారని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఎందుకు పెరుగుతారో తెలియాలంటే డయాలసిస్ ఇంటి వంటగదిలోకి వెళ్లాలి. కూరగాయలు ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మిగిలిన చప్పటి పిప్పికి తాలింపు పెడతారు. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, పప్పు కొలిచి గరిటెడు, మంచినీళ్లు గ్లాసుల లెక్క. పోనీ ఆ ఉన్నదైనా తిందామంటే నోరంతా చేదు, అన్నం వాసనకే వికారం. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే యూరియా దిగిపోయి నోటికి రుచి తెలుస్తుంది. ఏళ్ల తర్వాత ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తిన్న మనిషిని చూసి ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకుంటారు. ఇంకో రెండు ముద్దలు తినమని బతిమాలతారు. చూడవచ్చిన బంధువులు, ఒళ్లు చేశాడు, ఇప్పుడు మనిషిలా ఉన్నాడు అని మెచ్చుకుంటారు. ఆ ప్రేమను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆకలి తిరిగి రావడం నిజంగానే ఆరోగ్యం.

ఆ ఆకలికి వైసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర తోడవుతుంది. స్టెరాయిడ్ ఆకలిని పెంచి ఊరుకోదు. కొవ్వును ముఖానికీ, మెడ వెనక్కీ, పొట్టకూ చేరుస్తుంది. తొడల్లో, భుజాల్లో కండను కరిగిస్తుంది. ఉప్పునూ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు రోజూ కంచంలో ఉండే మన ఇళ్లలో ఆ చివరిది మామూలు సంగతి కాదు. ఇంకోపక్క రిజెక్షన్‌కు అడ్డుకట్ట వేసే ప్రధాన మందు టాక్రోలిమస్ క్లోమంలో ఇన్సులిన్ ఊరడాన్ని తగ్గిస్తుంది. స్టెరాయిడ్ ఏమో ఉన్న ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అంతకుముందు షుగరే లేనివాళ్లకు మార్పిడి తర్వాత కొత్తగా షుగర్ రావడానికి ఇదే దారి. దక్షిణాసియా వాళ్లలో ఈ ముప్పు మరింత ఎక్కువ. ఆ షుగర్ వచ్చినవాళ్లలో గుండె జబ్బులూ ఎక్కువే.

ఈ షుగర్ పరగడుపు పరీక్షకు దొరక్కపోవచ్చు. పొద్దున టిఫిన్ తర్వాత స్టెరాయిడ్ వేసుకున్న మనిషికి దాని ప్రభావం మధ్యాహ్నం దాటాక పైకి వస్తుంది. తెల్లారి పరగడుపున 95 చూపించిన మీటరే సాయంత్రం నాలుగింటికి 240 చూపించవచ్చు. తొలి నెలల్లో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా నమ్మదగ్గది కాదు. రక్తహీనత, ఎక్కించిన రక్తం, రక్తం పెరగడానికిచ్చిన ఇంజెక్షన్లు దాని లెక్కను తారుమారు చేస్తాయి. పరగడుపు రిపోర్టు చూసి షుగర్ లేదు అనుకునే ప్రతి ఇంట్లోనూ ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక, వేలు గుచ్చి చూసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో కాస్త లావుగా ఉన్నవాళ్లే ఎక్కువకాలం బతుకుతున్నారని పెద్ద పెద్ద లెక్కలు తేల్చాయి. మార్పిడి దగ్గరికొచ్చేసరికి ఆ బొమ్మ మారింది. అమెరికాలో 51,927 మంది వివరాలతో 2002లో వచ్చిన విశ్లేషణలో బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా కిడ్నీకీ మనిషికీ నష్టమేనని తేలింది. మధ్యలో ఉన్నవాళ్లు నయం. నెదర్లాండ్స్‌లో ఇరవై ఏళ్ల పాటు సాగిన పరిశీలన 2011లో ఇంకో మెలిక చెప్పింది: ఆపరేషన్ బల్ల ఎక్కేనాటి బరువు కన్నా, ఏడాది తర్వాతి బరువుకూ, ఆ ఏడాదిలో పెరిగినదానికీ మరణంతో గట్టి సంబంధం ఉంది. లావుగా ఉన్నాడని ఒకరిని మార్పిడికి పనికిరాడనడం కన్నా, మార్పిడి తర్వాత ఆ మొదటి ఏడాది అతన్ని ఎలా చూసుకుంటున్నామన్నదే పెద్ద ప్రశ్న అని నేను దీన్ని చదువుకున్నాను. లావు ఒక్కటే కారణంగా ఎవరినీ మార్పిడికి దూరం చేయవద్దని కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ 2020 మార్గదర్శకాల్లో సూచించింది కూడా.

చిక్కుముడి విప్పిన పని హంగరీలో జరిగింది. అక్కడ మార్పిడి అయిన 993 మందికి బీఎంఐతోపాటు నడుము చుట్టుకొలతా తీసుకుని, ఎవరు ఎంతకాలం బతికారో చూసి 2010లో ప్రచురించారు. రెండు కొలతలనూ కలిపి లెక్కించినప్పుడు అవి ఎదురెదురు దిక్కులకు తిరిగాయి. ఒకే నడుము ఉన్న ఇద్దరిలో బీఎంఐ ఎక్కువున్న మనిషికి ముప్పు తక్కువ. ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరిలో నడుము ఎక్కువున్న మనిషికి ముప్పు ఎక్కువ. అంటే బరువులో కండ వాటా కాపాడుతోంది, పొట్ట వాటా చంపుతోంది. త్రాసు మీది అంకె ఆ రెంటినీ కలిపేసి చెబుతుంది కాబట్టే ఇన్నాళ్ల గందరగోళం.

డయాలసిస్‌లో ఉన్నప్పుడు త్రాసు చెప్పింది ముఖ్యంగా నీటి లెక్క. సోమవారం మిషన్ ఎక్కేముందు రెండున్నర కిలోలు పెరిగితే అది నీరే, నాలుగు గంటల్లో తీసేస్తారు. ఆ నీరు తీసేశాక ఉండాల్సిన బరువుకు వాడే డ్రై వెయిట్ అనే మాట ఆ రోగులకు నోటి మీద ఉంటుంది. మార్పిడి తర్వాత మొదటి వారాల్లోనూ రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరేనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. రిజెక్షన్ తొలి గుర్తు అదే కావచ్చు. నెలల మీద మెల్లగా పెరిగేది వేరు, అందులో ఎక్కువ భాగం కొవ్వు. మూడోది అన్నిటికన్నా మోసకారి: నాలుగు కిలోల కండ పోయి, నాలుగు కిలోల కొవ్వు చేరి, త్రాసులో ముల్లు కదలని మనిషి. పేషెంటు చీటీలో అతని బరువు నిలకడగా ఉందని రాస్తారు. అతను మాత్రం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చేయి ఆసరా లేకుండా లేవలేడు. ఆ చేయి పెట్టుకోవడాన్ని ఎవరైనా గమనిస్తే, ఖరీదైన స్కాన్ అవసరం లేకుండానే సగం విషయం తెలిసిపోతుంది.

మనవాళ్ల ఒంటి తీరుకు ఈ మాట మరీ వర్తిస్తుంది. పాశ్చాత్య లెక్కలో బీఎంఐ 30 దాటితేగాని ఊబకాయం అనరు. మన దేశపు నిపుణులు 2009లో ఆ గీతను 25కి దించారు. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదన్నారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 68 కిలోలకే ఆ గీత మీదికి వచ్చేస్తాడు. చేతులు కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉండే మన మామూలు ఆకారాన్ని స్టెరాయిడ్ ఇంకా అటే నెడుతుంది. ఇంత తెలిసినా, మార్పిడి తర్వాతి ఓపీల్లో బరువు, బీపీ రాస్తారేగాని, టేపు తీసి నడుము కొలవడం అరుదు. పది రూపాయల టేపు, అర నిమిషం పని. ఇది జరగకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

బరువు గుండెకే కాదు, పెట్టిన కిడ్నీకీ భారమే. ఫ్రాన్స్‌లో దానమిచ్చిన కిడ్నీని తూచి, గ్రహీత బరువుతో భాగించి చూశారు. కిలో ఒంటి బరువుకు 2.3 గ్రాముల కన్నా తక్కువ కిడ్నీ అందినవాళ్లలో దీర్ఘకాలంలో అది పాడయ్యే ముప్పు ఎక్కువని 2010లో చెప్పారు. 150 గ్రాముల కిడ్నీ 60 కిలోల మనిషికి కిలోకు రెండున్నర గ్రాములు. అతనే 75 కిలోలైతే అది రెండు. ఫ్రెంచి కొలత ఆపరేషన్ నాటిది కాబట్టి తర్వాత పెరిగిన బరువుకు దాన్ని యథాతథంగా అన్వయించకూడదు. అయినా చిన్న ఒంటి తల్లి ఇచ్చిన కిడ్నీ పెద్ద ఒంటి కొడుకులో ఎంత కష్టపడుతుందో ఊహించడానికి ఆ లెక్క చాలు.

మరి ఏం చేస్తే ఫలితం ఉంది? స్టెరాయిడ్‌ను మానేస్తే పోదా అన్న ఆలోచన అందరికీ వచ్చేదే. అమెరికాలో 386 మంది మీద చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో వారం రోజులకే స్టెరాయిడ్ ఆపినవాళ్లు ఐదేళ్లలో 5.1 కిలోలు పెరిగారు, కొనసాగించినవాళ్లు 7.7 కిలోలు. తేడా రెండున్నర కిలోలే. దానికి కట్టిన మూల్యం, బయాప్సీలో తేలిన రిజెక్షన్లు 11 శాతం నుంచి 18 శాతానికి పెరగడం. స్టెరాయిడే సర్వానికీ మూలమన్న నమ్మకానికి ఈ లెక్కలు అంతగా బలమివ్వవు. ముఖం ఉబ్బిందని, పెళ్లి ముందుందని సొంతంగా వైసోలోన్ మానేసేవాళ్లు ఉన్నారు. దానివల్ల కిడ్నీ పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. మోతాదు తగ్గించడం డాక్టరు చేతిలోని పని.

కొలెస్ట్రాల్ మందుల విషయం కొంత స్పష్టంగానే ఉంది. ఆలర్ట్ ప్రయోగంలో 2,102 మందిలో సగంమందికి ఫ్లూవాస్టాటిన్ ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. ముందుగా అనుకున్న మొత్తం లెక్కలో తేడా గట్టిగా నిలబడలేదు గానీ, గుండె మరణాలు, ప్రాణం తీయని గుండెపోట్లు కలిపి చూస్తే 35 శాతం తగ్గాయి. ఇప్పుడు మార్పిడి అయిన పెద్దలకు స్టాటిన్ సూచించడం ఆనవాయితీ. సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు కొన్ని స్టాటిన్లు పడవు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదిది. విటమిన్ల మీద పెట్టుకున్న ఆశ మాత్రం తేలిపోయింది. ఫేవరిట్ ప్రయోగంలో 4,110 మందిలో సగంమందికి పెద్ద మోతాదులో ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12 ఇస్తే, గుండె ముప్పుతో ముడిపెట్టే హోమోసిస్టీన్ రక్తంలో తగ్గిందేగాని గుండెకు ఒరిగిందేమీ లేదు. బీపీని 130/80 లోపు ఉంచమని 2021 నాటి మార్గదర్శకం.

తిండి, వ్యాయామం మీద జరిగిన ప్రయోగాలు చిన్నవి, ఫలితాలు నిరాడంబరమైనవి. ఇంటి దగ్గర చేసే వ్యాయామం మీద అమెరికాలో 2002లో వచ్చిన అధ్యయనంలో దమ్ము పెరిగింది, తొడ బలం పెరిగింది, ఒంట్లో కొవ్వు వాటా మాత్రం మారలేదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో షుగర్ లేని 130 మందిలో కొందరికి డైటీషియన్ వెంటపడి నేర్పారు, మిగతావాళ్లకు కరపత్రం పాటి సలహాతో సరిపెట్టారు. డైటీషియన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు రెండున్నర కిలోలు తక్కువ తూగారు. వాళ్లలో 7.6 శాతం మందికి కొత్తగా షుగర్ వచ్చింది, రెండోవాళ్లలో 15.6 శాతం మందికి. సంఖ్య చిన్నది కాబట్టి ఈ తేడాను రుజువు అనలేం. న్యూజిలాండ్‌లో 37 మందితో చేసిన ప్రయోగంలో గట్టిగా పట్టించుకున్నవాళ్లకీ మామూలుగా చూసినవాళ్లకీ బరువులో తేడా రాలేదు. దీన్ని చూపించి డైటీషియన్ దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ మామూలు అంటే డైటీషియన్ సలహా అప్పటికే అందుతున్న మామూలు. మన దగ్గర డిశ్చార్జి రోజున ఏం తినకూడదో చెప్పే జిరాక్సు కాగితం ఒకటి ఇచ్చి పంపే చోట్లు చాలా ఉన్నాయి.

ఆ కాగితంలో ఉండాల్సిన మాటలు మన వంటింటి భాషలో ఉండాలి. అన్నం పళ్లెంలో సగం నుంచి పావుకు దిగాలి, ఆ చోటు కూర ఆక్రమించాలి. ఉడికించిన నీళ్లు పారబోసే పని ఇక లేదు, పొటాషియం రిపోర్టు బాగుంటే ఆకుకూరలూ పప్పూ హాయిగా తినొచ్చు. ఊరగాయ రోజూ కాదు. నూనెలో వేగినది పండగకు. పంపరపనస మాత్రం ముట్టుకోకూడదు, అది టాక్రోలిమస్ స్థాయిని రక్తంలో పెంచేస్తుంది. ఆపరేషన్ గాయం మానాక, డాక్టరు సరేనన్నాక, నడకతో ఆగకుండా తొడలకూ భుజాలకూ పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం రోజూ పదిసార్లతో మొదలుపెట్టవచ్చు. పొత్తికడుపులో పెట్టిన కిడ్నీ కదిలిపోతుందేమోనని మంచం దిగనివాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. అవయవ మార్పిడి అయినవాళ్లకోసమే ప్రపంచస్థాయి ఆటల పోటీలు 1978లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్‌లో మొదలయ్యాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి.

బరువు తగ్గించే కొత్త మందుల గురించి అందరూ అడుగుతున్నారు. ఓస్లోలో 44 మంది మార్పిడి రోగుల్లో సగంమందికి ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చి 2019లో చూపింది రెండున్నర కిలోల తగ్గుదల. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ 17,604 మంది మీద జరిగిన సెలెక్ట్ ప్రయోగంలో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలను 20 శాతం తగ్గించింది. ఆ 2023 ప్రయోగం అప్పటికే గుండె జబ్బున్న, షుగర్ లేని వాళ్ల మీద జరిగింది. టిర్జెపటైడ్ 2025 మార్చి నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. మార్పిడి రోగుల్లో వీటి అనుభవం ఎక్కువగా పాత రికార్డులు తిరగేసి చెప్పినదే. ఆశ పెట్టుకోవచ్చు. కానీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి క్రియాటినైన్ ఎగబాకుతుంది, వేసుకున్న టాక్రోలిమస్ కడుపులో నిలవదు. వేగంగా తగ్గే బరువులో కండ కూడా పోతుంది, అసలే స్టెరాయిడ్ తిన్న కండ అది.

చివరగా, కిడ్నీ ఇచ్చినవాళ్ల మాట. ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలు అందుతున్నా, మన దేశంలో మార్పిడుల్లో ఎక్కువభాగం బతికున్న దాతలతోనే జరుగుతున్నాయి. ఆ దాతల్లో తల్లులు, భార్యలే ఎక్కువ. గ్రహీత కోసం తీసిన అదే కుండ అన్నం వాళ్లూ తింటారు. అతన్ని చూసుకునే హడావుడిలో వాళ్ల నడక, వాళ్ల పరీక్షలు ఆగిపోతాయి. అమెరికాలో 119,769 మంది దాతల వివరాలు చూసి 2017లో చెప్పినదాని ప్రకారం, దానం నాటికే ఊబకాయం ఉన్నవాళ్లకు తర్వాత సొంత కిడ్నీ పూర్తిగా చెడిపోయే ముప్పు మిగతా దాతలతో పోలిస్తే దాదాపు రెండింతలు. ఆ ముప్పు మొత్తం మీద చాలా తక్కువే, భయపడి దానం మానేయవలసినంత కాదు. అయితే గ్రహీత ఓపీకి వెళ్లే రోజున, పక్కన ఫైలు పట్టుకుని కూర్చున్న ఆమెకూ ఏడాదికొకసారైనా బీపీ, షుగర్, క్రియాటినైన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. నడుము కొలిచే టేపు ఆమె చుట్టూ కూడా తిప్పాలి.